నాలుగు తొమ్మిదులు

గురువారం సాయంత్రం ఆరున్నరకి ఆరిన్ బ్లెడ్సో తన వ్యానుని కాసినో వెనకవైపు ఆపి, అటు తిరిగొచ్చి, ఇమోజీన్ టటిల్ దిగడానికి చెయ్యందించాడు. రీనోలో పొద్దున్నించీ మంచు పడుతూనే ఉంది. ఆమెకి డెబ్బై ఆరేళ్ళు. డెబ్బై రెండో ఏడు దాకా ఇదే కాసినో లాండ్రీలో తువ్వాళ్ళు మడతలు పెట్టింది. మూడేళ్ళ కింద ఆమె ఉండే ట్రెయిలర్ ఇంట్లో ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు, ఆవిడకి కూడా పోకరంటే ప్రాణమని ఆరిన్‌కి తెలిసింది. అప్పట్నించీ ప్రతి గురువారం ఆమెని ఎక్కించుకు రావడం, ఆట అయ్యాక దింపి వెళ్ళడం అతనికి అలవాటైపోయింది.

"ఇవాళైనా చెత్త ముక్కలతో ఆడకండి. మొదటి రెండు ముక్కలూ బాగోకపోతే డ్రాపయిపోవాలి. ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు ఆరిన్, ఆమె మోచెయ్యి పట్టుకుని మంచులో నడిపిస్తూ.

"చాలాసార్లు చెప్పావు నాయనా. కానీ డ్రాపవ్వడానికైతే ఇంత దూరం రావడం దేనికి? ఇంట్లో కూర్చుంటే నాకు రోజంతా డ్రాపే కదా," అంది ఇమోజీన్.

ఆరిన్‌కి నవ్వు రాలేదు. పేకాట దగ్గర అతనికి నవ్వు రాదు. పగలంతా ఫ్రిజ్జులు బాగుచేసే మనిషి. యాభై నాలుగేళ్ళు, పెళ్ళాం విడాకులిచ్చి వెళ్ళి పదేళ్ళు. ఆ పదేళ్ళూ గురువారాలు ఈ బల్ల దగ్గరే గడిచాయి. పోకర్ మీద మూడు పుస్తకాలు కొని అట్టలు ఊడిపోయేదాకా చదివాడు. ఏ ముక్కలతో దిగాలో, ఏ ముక్కలు పారేయాలో అతనికి కంఠతా వచ్చు. ఓపిగ్గా కూర్చున్నవాడికి ఈ ఆట ఎప్పటికైనా న్యాయం చేస్తుందని అతని నమ్మకం. ఈ ఊళ్ళో తనకంటే పెద్ద ఆటగాళ్ళు చాలామంది ఉన్నారని అతనికి తెలుసు. కానీ ఆ మూడు డాలర్ల బల్ల దగ్గర మాత్రం తనే అందరికంటే తెలిసినవాడు. ఆ సంగతి మిగతావాళ్ళు ఒప్పుకుంటే చాలనుకునేవాడు. ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు.

స్లాట్ మెషిన్ల గోల దాటి వెనక్కి వెళ్తే, తాడు కట్టిన చోట పోకర్ బల్లలు ఉంటాయి. వాటిలో అన్నిటికంటే చిన్న పందెం బల్ల ఇదే. మనిషికి రెండేసి ముక్కలు మూసి వేస్తారు, నడిమధ్య అయిదు ముక్కలు ఒక్కో విడతగా తెరుస్తారు. అన్నీ కలిపి ఎవరికి పెద్ద వరస కుదిరితే డబ్బు వాళ్ళది. పందెం మూడు డాలర్లు, చివరి రెండు విడతల్లో ఆరు.

ఆ గోడకి ఒక ఎర్ర అంకెల బోర్డు ఉంది. అది జాక్‌పాట్. ప్రతి ఆటలోంచీ ఒక డాలరు అందులోకి పోతుంది. నాలుగు ఒకే రకం ముక్కలు పట్టుకుని కూడా, అంతకంటే పెద్ద వరస చేతిలో ఎవరైనా ఓడిపోతే అప్పుడు ఆ డబ్బు పంచుతారు. సగం ఓడినవాడికి, పావు వంతు గెలిచినవాడికి, మిగతాది ఆ ఆటలో ముక్కలు అందుకున్న మిగతా అందరికీ సమానంగా. అలాంటిది పడి ఏడు నెలలైంది. ఆ సాయంత్రం బోర్డు మీద నలభై ఒక్క వేలు వెలుగుతోంది.

"వింటర్ టైర్లు కొనేవాళ్ళంతా పడుకున్నారా, ఇంత తొందరగా వచ్చేశావు?" అని ఇమోజీన్ తన కుర్చీలో కూర్చుంటూ లైల్ గాడిస్‌ని అడిగింది.

లైల్ లారీ టైర్లు అమ్ముతాడు. పెద్ద బొజ్జ, పెద్ద గొంతు, చూపుడు వేలికి పచ్చరాయి ఉంగరం. ఏ ముక్కలొచ్చినా ఆడతాడు, ఏ మాటొచ్చినా అంటాడు.

"మీ కోసమే దుకాణం కట్టేసి వచ్చాను బామ్మగారూ. మీ మొహం చూస్తే నాకు కలిసొస్తుంది. అదిగో, ప్రొఫెసర్ గారు కూడా దయచేశారు! లేవండ్రా, లేవండి, దణ్ణం పెట్టండి."

ఆరిన్‌కి ఆ పేరు లైల్ పెట్టిందే. బల్ల చుట్టూ నవ్వులు. ఇద్దరు బస్సు డ్రైవర్లు, ఆసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీకి సెలవు పెట్టి వచ్చిన మార్వా అనే నర్సు, సాక్రమెంటో నుంచి పెళ్ళికని వచ్చి మంచులో చిక్కుకుపోయిన ఒక పెద్దమనిషి, గొర్రెల మందలు అమ్ముకుని ఖాళీగా ఉన్న బిటోర్ అనే, స్పెయిన్ కొండల వైపు బాస్కు జాతి ముసలాయన. బిటోర్ రాత్రంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటివాడు కూడా నవ్వాడు. ముక్కలు పంచే తెరెసిత ఒక్కతే నవ్వలేదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ముక్కలు పంచుతున్న మనిషి. ఎవరు ఎవర్ని ఏమన్నా ఆమె కళ్ళు ముక్కల మీదే ఉంటాయి.

ఆరిన్ నూరు డాలర్లకి కొన్న పందెం బిళ్ళలు దొంతులుగా పేర్చుకుని కూర్చున్నాడు.

గంట దాకా అతనికి ఒక్క మంచి ముక్క రాలేదు. వచ్చినవి వచ్చినట్టే పారేశాడు. గంట తర్వాత రెండు రాజులు వచ్చాయి. పందెం పెంచాడు. లైల్ ఒక్కడే మిగిలాడు. పెంచినప్పుడల్లా లైల్ "సరే సరే" అంటూ కడుతూనే ఉన్నాడు. చివరికి ముక్కలు తిప్పితే ఏడు, రెండు. బల్ల మీద ఒక ఏడు, ఒక రెండు పడి ఉన్నాయి. రెండు జతలు.

"ఏడూ రెండూ ఎవడైనా ఆడతాడా?" అన్నాడు ఆరిన్. అనకూడదనుకుంటూనే అన్నాడు.

"మా అత్తగారింటి నంబరు డెబ్బై రెండు, ప్రొఫెసర్ గారూ. ఆ ఇంట్లో నాకు ఏనాడూ కలిసి రాలేదు. ఇదిగో, ఇక్కడొచ్చింది," అన్నాడు లైల్, బిళ్ళలు రెండు చేతుల్తో ఊడ్చుకుంటూ. "మీ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కాస్త చూసి చెప్పండి. గుర్తు పెట్టుకుంటాను."

ఆ తర్వాత మళ్ళీ ఎండు ముక్కలే. తొమ్మిది దాటాక ఒక ఆసు, ఒక రాణి వచ్చాయి. మధ్యలో ఇంకో రాణి కూడా పడింది. ఈసారి ఎదురు నిలిచింది ఇమోజీన్. ఆమె దగ్గర జాకీ, మూడు ఉన్నాయి. బల్ల మీద ఒక జాకీ ముందే ఉంది, ఆఖరి ముక్క మూడు పడి ఆమెకి రెండు జతలయ్యాయి.

"అయ్యో, నిన్నే కొట్టానా నాయనా!" అంది ఆమె, నిజంగానే నొచ్చుకుని.

ఆరిన్ మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, అందరికీ వినపడేలా అన్నాడు. "మీరు కొట్టలేదు. మీకు ఆట రాదు. మూడేళ్ళు చెప్పినా బుర్రకెక్కలేదు. జాకీ, మూడు పట్టుకుని మూడు పందేలు కట్టే మనిషికి ముక్కలెందుకు? తువ్వాళ్ళు ఇస్తే మడతపెట్టుకుంటుంది."

మార్వా తలెత్తి అతని వంక చూసింది. ఇమోజీన్ చెంపలు ఎర్రబడ్డాయి. చేతిసంచిలో వెతికి, బంగారు కాగితం చుట్టిన ఒక చాక్లెట్టు తీసి అతని ముందు పెట్టింది.

"అది నోట్లో వేసుకో. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేవు," అంది.

అతను దాన్ని ముట్టుకోలేదు.

పదకొండు దాటాక ఆరిన్ దగ్గర నలభై డాలర్లు మిగిలాయి. అప్పుడు రెండు ఆసులు వచ్చాయి, ఇస్పేటూ కళావరూ. మొహం కదలనివ్వకుండా పందెం పెంచాడు. లైల్ మళ్ళీ పెంచాడు. ఆరిన్ ఇంకా పెంచాడు. మధ్యలో మొదటి మూడు ముక్కలు పడ్డాయి. ఆసు, మూడు, తొమ్మిది. మూడు ఆసులయ్యాయి. ఈ రాత్రంతా కూర్చున్నందుకు ఇదీ ఫలితం, అనుకున్నాడు. ఒక్క పందెం కూడా వదల్లేదు. నాలుగో ముక్క రాజు పడింది. ఉన్న బిళ్ళలన్నీ మధ్యలోకి తోసేశాడు. లైల్ కట్టాడు. అయిదో ముక్క రెండు.

లైల్ ముక్కలు తిప్పాడు. నాలుగు, అయిదు. ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు.

కట్ట మొత్తం మీద లైల్‌ని బతికించగలిగినవి నాలుగే నాలుగు ముక్కలు. వాటిలో ఒకటి వచ్చింది.

"మూడు ఆసులే!" అన్నాడు లైల్, ఆరిన్ తిప్పిన ముక్కల మీదికి వంగి. "మూడు ఆసులు పట్టుకుని కూడా ఓడిపోవాలంటే ఎంత చదువుండాలి! ఒరేయ్, చూడండ్రా, నాలుగూ అయిదూ. నేను లెక్కపెట్టడం నేర్చుకున్నది అంతవరకే." పెద్దగా నవ్వాడు. బస్సు డ్రైవర్లు బల్ల చరిచారు. "వెళ్ళండి ప్రొఫెసర్ గారూ, ఇంటికెళ్ళి ఆ పుస్తకాలు పొయ్యిలో పెట్టుకోండి. ఈ చలికి కాస్త పనికొస్తాయి. మీ ఆవిడ కూడా ఇలాగే రెండో ముక్క చూడకుండానే డ్రాపయిందంటగా?"

ఈ మాటకి బస్సు డ్రైవర్లు కూడా నవ్వలేదు. తెరెసిత ముక్కలు పోగుచేస్తూ, "లైల్ గారూ, చాలు," అంది.

ఆరిన్ లేచాడు. ఎవరి వంకా చూడకుండా తాడు దాటి, స్లాట్ మెషిన్ల మధ్యలోంచి డబ్బు మెషిన్ దగ్గరికి వెళ్ళాడు. తన వెనక ఎవరో మళ్ళీ నవ్వినట్టనిపించింది. బహుశా మెషిన్ దగ్గర ఎవరో గెలిచి ఉంటారు. కార్డు పెట్టి నూరు డాలర్లు తీశాడు. దాన్ని బిళ్ళలుగా మార్చే కిటికీ దగ్గర ఇద్దరు ముందు నించున్నారు. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ ఆ మూడు ఆసుల మాట రేపు పనిలో తనొక్కడే గుర్తు చేసుకుంటూ కూర్చోవాలి. లైల్ దగ్గర్నించి ఒక్క ఆటైనా గెలుచుకు పోవాలి.

అతను బిళ్ళలతో తిరిగొచ్చేసరికి కొత్త ఆట మొదలైపోయింది. అతని కుర్చీ ముందు ముక్కల్లేవు. ఆట అయ్యేదాకా ఆగాలి. ఇమోజీన్ కుర్చీ వెనక నించున్నాడు.

మధ్యలో నాలుగు ముక్కలున్నాయి. డైమన్ తొమ్మిది, ఆఠీను తొమ్మిది, డైమన్ పది, డైమన్ ఎనిమిది. మిగతావాళ్ళంతా డ్రాపయిపోయారు. ఇమోజీన్, లైల్ ఇద్దరే మిగిలారు. ఇద్దరూ పోటీలు పడి పెంచుకుంటున్నారు. నూట యాభై పైన బిళ్ళలు గుట్టగా పడి ఉన్నాయి. ఆ బల్ల మీద అంత గుట్ట అతనెప్పుడూ చూడలేదు.

ఇమోజీన్ తల తిప్పి అతన్ని చూసింది. తర్వాత తన ముక్కల అంచులు ఎత్తింది. బాగా ఎత్తింది. ఇస్పేటు తొమ్మిది, కళావరు తొమ్మిది.

నాలుగు తొమ్మిదులు.

ఆరిన్ లైల్ వంక చూశాడు. లైల్ మాట్లాడటంలేదు. పదేళ్ళలో లైల్ మాట్లాడకుండా కూర్చోవడం అతను రెండుసార్లే చూశాడు. ఉంగరం వేలు బల్ల అంచు మీద కదలకుండా ఆనుకుని ఉంది. మెడ మీద చర్మం ఎర్రగా కందిపోయింది. అన్నిసార్లు పెంచి, పైగా నోరు మూసుకుని కూర్చున్నాడంటే లైల్ దగ్గర డైమన్ల వరసే ఉండాలి, అదీ అన్నిటికంటే పెద్దది. డైమన్ జాకీ, డైమన్ రాణి. ఎనిమిది నుంచి రాణి దాకా అన్నీ డైమన్లే. నాలుగు తొమ్మిదుల్ని కూడా కొట్టే వరస.

జాక్‌పాట్.

మిగతావాళ్ళకి ఇంకా తెలియదు. మార్వా ఫోన్ చూసుకుంటోంది. బిటోర్ కళ్ళు మూసుకున్నాడు. ఇమోజీన్‌కి ఇరవై వేల పైచిలుకు. లైల్‌కి పది వేలు. మిగతా అయిదుగురికీ తలా రెండు వేలు. పెళ్ళికొచ్చి మంచులో చిక్కుకుపోయినవాడికి కూడా. ఆరిన్‌కి మాత్రం ఏమీ రాదు. పదేళ్ళుగా ప్రతి ఆటలోంచీ ఆ బోర్డుకి డాలర్లు పోసినవాడికి ఏమీ రాదు, కిటికీ దగ్గర ఇద్దరు మనుషుల వెనక నించున్నందుకు. కిటికీ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది నాలుగూ అయిదూ వల్ల.

తెరెసిత అయిదో ముక్క తెరిచింది. కళావరు రెండు. దానితో ఎవరికీ పనిలేదు. ఆఖరి పందెం ఇమోజీన్ వేయాలి. ఆమె చెయ్యి బిళ్ళల మీదికి వెళ్ళింది.

గోడ మీద రూలు రాసి ఉంది. ఆట నడుస్తుండగా బల్ల దగ్గరున్నవాళ్ళు, ఆడేవాళ్ళైనా చూసేవాళ్ళైనా, ముక్కల గురించి పైకి మాట్లాడితే ఆ ఆటకి జాక్‌పాట్ చెల్లదు. రెండేళ్ళ కింద ఎవరో యాత్రికుడు వేళాకోళంగా అన్న ఒక్క మాటకి పదహారు వేలు పోయింది. ఆ రోజు ఆరిన్ ఇక్కడే ఉన్నాడు.

అతను ఇమోజీన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆమెకి సాయం చేస్తున్నవాడిలా కొంచెం వంగాడు. గొంతు మాత్రం తగ్గించలేదు.

"ఇమోజీన్ గారూ, మీ దగ్గర నాలుగు తొమ్మిదులున్నాయి గదా అని పెంచుకుంటూ పోకండి. వాడి దగ్గర డైమన్ల వరస ఉంది. జాకీ, రాణి."

తెరెసిత చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మార్వా ఫోన్ దించింది. బల్ల మీద ముక్కలు చూసింది, బోర్డు మీద అంకెలు చూసింది, ఆరిన్ మొహం చూసింది.

మొదట తేరుకున్నది లైల్. "నాకేమీ వినపడలేదు. ఇక్కడెవరూ ఏమీ అనలేదు. ఆడండి బామ్మగారూ, మీ వంతు," అన్నాడు బొంగురు గొంతుతో.

ఇమోజీన్ ఆరు డాలర్లు ముందుకి జరిపింది. లైల్ కట్టాడు. ముక్కలు తిప్పారు. డైమన్ జాకీ, డైమన్ రాణి. ఇస్పేటు తొమ్మిది, కళావరు తొమ్మిది. అలాంటి ముక్కలు పడితే గది గదంతా అరుపులతో లేచి నించోవాలి. ఎవరూ కుర్చీల్లోంచి కదల్లేదు.

తెరెసిత చెయ్యెత్తి మేనేజరుని పిలిచింది. విట్లాక్ పరుగులాంటి నడకతో వచ్చాడు. సన్నటి మనిషి, నల్ల కోటు. ముక్కలు చూడగానే, "అమ్మయ్య, పడిందా ఇన్నాళ్ళకి!" అన్నాడు. నవ్వుతూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాడు. ఏడుగురు. తర్వాత అడగాల్సిన మాట అడిగాడు. "ఆట నడుస్తుండగా ముక్కల గురించి ఎవరూ మాట్లాడలేదు కదా?"

"మేము ఏడుగురం నోరెత్తలేదు," అన్నాడు లైల్.

"లేదు," అంది మార్వా. బస్సు డ్రైవర్లు తలలూపారు. బిటోర్ కూడా ఊపాడు.

"నాకు చెవుడు బాబూ," అంది ఇమోజీన్. ఆమెకి చెవుడు లేదు.

విట్లాక్ తెరెసిత వంక చూశాడు. ఆమె ముక్కల వంక చూసింది. ఆ నిమిషంలో విట్లాక్‌కి సంగతి అర్థమైంది. అతని నవ్వు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కుర్చీ వెనక నించున్న ఆరిన్ వైపు తిరిగి, పిల్లాడితో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు. "ఆరిన్, నువ్వు ఆటలో లేవు. వెనక నించున్నవాళ్ళు ఏదో గొణుక్కుంటూ ఉంటారు, అది వేరు. కెమెరాలకి మాటలు వినపడవు. నేను అడగాలి కాబట్టి అడుగుతున్నాను. నువ్వు ముక్కల గురించి ఏమీ అనలేదు కదా?"

ఏడు మొహాలూ అతని వైపే ఉన్నాయి. పదేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎవరూ అతని మాట కోసం అంతగా ఎదురుచూడలేదు. లైల్ పెదాలు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. మాట రాకుండానే ఆ పెదాలు బతిమాలుతున్నాయి. ఆరిన్‌కి ఆ రాత్రి మొదటిసారి చేతిలో మంచి ముక్కలున్న మనిషిలా అనిపించింది. దాన్ని ఇంకొంచెం సేపు అలాగే ఉంచుకోవాలనిపించింది. లైల్‌కి పదివేలు దక్కకూడదంటే ఇమోజీన్‌కి ఇరవైవేలు దక్కకూడదు. ఆ సంగతి అతనికి తెలియకపోలేదు. రెండు క్షణాలు దాని గురించి ఆలోచించాడు కూడా.

"అన్నాను," అన్నాడు. "ఆవిడ దగ్గర నాలుగు తొమ్మిదులున్నాయన్నాను, ఈయన దగ్గర డైమన్ల వరస ఉందన్నాను. అందరూ విన్నారు. నేను అబద్ధం చెప్పలేను విట్లాక్. రూలు గోడ మీదే ఉంది."

విట్లాక్ కళ్ళు మూసుకుని తెరిచాడు. "సరే," అన్నాడు నీరసంగా. "అయితే చెల్లదు."

లైల్ కుర్చీ వెనక్కి పడిపోయింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆరిన్ చొక్కా పట్టుకున్నాడు. "నా పదివేలురా! పదివేలు నా నోట్లోంచి లాక్కున్నావు!" అని అరిచాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూడగానే ఆరిన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. విట్లాక్, బస్సు డ్రైవర్లు కలిసి లైల్ చేతులు విడిపించారు.

మార్వా కోటు వేసుకుంటోంది. గుండీలు సరిగ్గా పడటంలేదు. "రెండు వేలు," అంది ఎవరితోనో అన్నట్టు. "నెల రోజులు నైట్ డ్యూటీ చెయ్యక్కర్లేకుండా పోయేది." తర్వాత ఆరిన్ ఎదురుగా వచ్చి నించుంది. "లైల్ మీ ఆవిడని అన్నప్పుడు నాకు మీ మీద జాలేసింది. ఆవిడ వెళ్ళిపోవడమే మంచిదైంది. మీ కడుపున పిల్లలు పుట్టకపోవడం ఇంకా మంచిదైంది."

ఇమోజీన్ ఇంకా కుర్చీలోనే ఉంది. ఆ రెండు తొమ్మిదులూ తెరెసిత ఇంకా తీసుకోలేదు. ఆమె వాటిని చూపుడువేలితో పక్కపక్కన సరిచేస్తోంది, తువ్వాలు అంచులు కలిపినట్టు.

"రూలు, ఇమోజీన్ గారూ," అన్నాడు ఆరిన్. "మీకు నష్టం జరగాలని కాదు. రూలంటే రూలే."

"నేను ముక్కలెత్తింది నీకు చూపించడానికే," అంది ఆమె, తల ఎత్తకుండా. "రాత్రంతా నీకు ఒక్కటీ మంచిది పడలేదు. ఇవి చూస్తే కాస్త సంతోషిస్తావనుకున్నాను. జాక్‌పాట్ సంగతి నాకు తట్టనే లేదు నాయనా. నేను గెలుస్తున్నాననుకున్నాను."

"పదండి, దింపేస్తాను. మంచు ఎక్కువైంది," అన్నాడు ఆరిన్.

ఆమె లేచింది. మోచెయ్యి పట్టుకోబోతే తీసేసుకుంది. గట్టిగా విసిరికొట్టలేదు. దారిలో అడ్డొచ్చిన కుర్చీని పక్కకి జరిపినట్టు అతని చెయ్యి జరిపింది. "అమ్మాయ్, నీ కారులో చోటుందా?" అని మార్వాని అడిగింది. ఇద్దరూ తాడు దాటి వెళ్ళిపోయారు. స్లాట్ మెషిన్ల వెలుగుల మధ్య ఆమె వంగిన వీపు రెండుసార్లు కనపడి, మలుపులో పోయింది.

నిజం చెప్పినవాణ్ణి వెళ్ళిపొమ్మనడానికి విట్లాక్‌కి ఏ కారణమూ లేదు. "ఆడతావా?" అని మాత్రం అడిగాడు.

"ఆడతాను," అన్నాడు ఆరిన్. చేతిలో నూరు డాలర్ల బిళ్ళలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు లేచి వెళ్తే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. తన కుర్చీలో కూర్చుని దొంతులు పేర్చుకున్నాడు.

లైల్ మొహం కడుక్కొచ్చి, పడిపోయిన కుర్చీ లేపుకుని కూర్చున్నాడు. ఇంటికి వెళ్తాడని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. తెరెసిత పంచింది. ఆరిన్‌కి ఆసు, రాజు వచ్చాయి. మూడు డాలర్లు పెట్టాడు.

"ప్రొఫెసర్ గారు దిగారు," అన్నాడు లైల్ మర్యాదగా. "నేను డ్రాప్."

ముక్కలు పారేశాడు. పక్కన బస్సు డ్రైవరు ఒక క్షణం లైల్ వంక చూసి, తన ముక్కలూ పారేశాడు. రెండో డ్రైవరు పారేశాడు. సాక్రమెంటో పెద్దమనిషి చేతిలో ఏవో మంచి ముక్కలే ఉన్నట్టున్నాయి. కాస్త తటపటాయించి, నిట్టూర్చి అతనూ పారేశాడు. ఆఖర్న బిటోర్.

ముక్కలు చూడకముందే వంతుల వారీగా ఇద్దరు కట్టే నాలుగు డాలర్లే మధ్యలో ఉన్నాయి. తెరెసిత వాటిని ఆరిన్ వైపు తోసింది.

తర్వాతి ఆటలో ఆరిన్ డ్రాపయ్యాడు. మిగతావాళ్ళు మామూలుగా ఆడుకున్నారు, పెంచుకున్నారు, విసుక్కున్నారు. ఆ పైన రెండు రాణులు వచ్చాయి. పెట్టాడు.

"డ్రాప్," అన్నాడు లైల్.

"డ్రాప్." "డ్రాప్." "డ్రాప్." బిటోర్ అనలేదు, ముక్కలు మాత్రం విసిరేశాడు.

పన్నెండున్నర దాటింది. ఒంటిగంట దాటింది. ఆ రాత్రి అంతసేపూ మొహం చాటేసిన ముక్కలు ఇప్పుడు తోసుకుంటూ వచ్చాయి. రెండు పదులు. ఆసు, రాణి. రెండు రాజులు. అతను పెట్టగానే బల్ల చుట్టూ అయిదు జతల ముక్కలు ఒకదాని వెనక ఒకటి మధ్యలోకి జారేవి. ఎవరూ తిట్టలేదు. ఎవరూ అతనితో మాట్లాడలేదు. నీళ్ళు తెమ్మని అతను అడిగితే డ్రింకులందించే అమ్మాయి తెచ్చింది. బల్ల మాత్రం అతను అక్కడ లేనట్టే మాట్లాడుకుంటోంది. ఇమోజీన్ ఆ డబ్బు ఏం చేసి ఉండేదని ఒక బస్సు డ్రైవరు అడిగాడు. ట్రెయిలర్ నిండా కొత్త సామాను కొనేసి ఉండేదని ఇంకొకడన్నాడు. కాదు, ఇక్కడే కూర్చుని మూడేసి డాలర్ల చొప్పున మనందరికీ పంచేసేదని లైల్ అన్నాడు. మళ్ళీ డ్రాపయ్యాడు.

ఒకసారి ఆరిన్ చేతిలో మళ్ళీ ఆసుల జత పడింది. ఆరు డాలర్లకి పెంచాడు. అందరూ పారేశాక, ఆ రెండు ఆసులనీ తిప్పి బల్ల మీద పెట్టాడు. "చూడండి. కనీసం చూడండి," అన్నాడు.

లైల్ పక్కవాడికి టైర్ల ధర చెబుతున్నాడు. బిటోర్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

రెండింటికి తెరెసిత షిఫ్టు అయిపోయింది. లేచి, ఏమీ దాచలేదన్నట్టు అరచేతులు రెండూ కెమెరాకి చూపించి, ఆరిన్‌కి తప్ప అందరికీ గుడ్ నైట్ చెప్పి వెళ్ళిపోయింది. ఆమె కుర్చీలోకి లావుపాటి నడివయసు మనిషి ఒకడు వచ్చాడు. వేరే గదిలోంచి అప్పుడే వచ్చాడు, ఇక్కడి సంగతి ఏమీ తెలియదు. చలాకీగా ముక్కలు కలిపి పంచాడు.

ఆరిన్ మూడు డాలర్లు పెట్టాడు. అయిదుగురూ డ్రాపయ్యారు. కొత్తవాడు నాలుగు బిళ్ళలు అతని వైపు తోశాడు. మళ్ళీ పంచాడు. ఆరిన్ పెట్టాడు. అయిదుగురూ డ్రాపయ్యారు. మళ్ళీ నాలుగు బిళ్ళలు. మూడోసారి కూడా అంతే.

"ఏం సార్, ఇవాళ మీకు బాగా కలిసొస్తున్నట్టుందే! మీరంటే అందరికీ హడల్!" అన్నాడు కొత్తవాడు నవ్వుతూ.

లైల్ ముందు ముక్కుతో నవ్వాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత బొజ్జ పట్టుకుని, పచ్చరాయి ఉంగరంతో బల్ల మీద టకటకా కొడుతూ, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వాడు. బస్సు డ్రైవర్లు అందుకున్నారు. సాక్రమెంటో పెద్దమనిషి అందుకున్నాడు. బిటోర్ కూడా నోట్లో ఉన్న రెండు బంగారు పళ్ళూ కనపడేలా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా కొత్తవాడు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

ఆరిన్ ఆ నాలుగు బిళ్ళల్నీ దగ్గరికి లాక్కుని దొంతి మీద పెట్టాడు. నవ్వులు సద్దుమణిగాక కొత్తవాడు ముక్కలు కలిపి, మళ్ళీ పంచడం మొదలుపెట్టాడు.